చేరేవాడే, చేరలేదు

రికార్డుల షాపు నుంచి ఫోనొచ్చింది. మీరు ఆర్డరిచ్చిన పెట్టె వచ్చింది, ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు అని అడిగాడు షాపతను. నేను జన్మలో రికార్డు కొన్నదాన్ని కాదు. రాంగ్ నెంబరు నాయనా అని పెట్టేయబోతున్నాను. అంతలో అతను పెట్టె మీదున్న గాయకుడి పేరు చదివాడు. స్టవ్ మీద చారు పొంగి పొర్లుతున్నా కట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ పెట్టె అక్కయ్యగారిది. ఆవిడ మొన్న వసంతంలో పోయింది. ఇప్పుడు మా వీధిలో ఆకులు ఎర్రబడి రాలిపోతున్నాయి. ఆసుపత్రి మంచం మీద నుంచి రోజూ "వచ్చిందా అమ్మడూ?" అని అడిగిన పెట్టె, ఇప్పుడు వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక షాపతని మీద కోప్పడ్డాను. అతను పాపం సారీ చెప్పాడు.

ఆవిడ నాకు అక్క కాదు, చుట్టమూ కాదు. డెబ్భైల చివర్లో మా ఆయనకు టెన్నెసీ కొండల్లో, ఒక ఆనకట్ట పక్కనున్న కరెంటు ప్లాంటులో ఉద్యోగమొచ్చింది. మేం వెళ్ళేసరికి ఆ ఊళ్ళో తెలుగిల్లు ఒక్కటే ఉంది. ఆ ఇంటాయనా అదే ప్లాంటులో ఇంజనీరు. మేం సామాను దించుకుంటుంటే ఆవిడ గిన్నె నిండా పులిహోర పట్టుకుని వచ్చింది. చీర మీద వాళ్ళాయన ప్లాంటు జాకెట్టు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. చెప్పు పట్టీ వేళ్ళ మధ్యకు వెళ్ళాలి కదా, అందుకని మేజోళ్ళ ముందు భాగం కత్తిరించి బొటనవేలికి దారి చేసుకుంది. "చలి చలే, చెప్పులు చెప్పులే" అంది నా చూపు గమనించి. ఆ రోజు నుంచి ఆవిడ అక్కయ్యగారు, ఆయన బావగారు. ఆవిడ నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. అమ్మడూ అనే పిలిచేది.

నా ఫోను నెంబరు రికార్డుల షాపుదాకా ఎందుకు వెళ్ళిందో చెప్పాలంటే కారులో జరిగిన సంగతి చెప్పాలి.

కూరగాయల కోసం ఇద్దరం నాక్స్‌విల్ వెళ్తున్నాం. ఆవిడే డ్రైవింగ్. హైవే మీద కూడా ఎద్దుబండి తోలినట్టే తోలేది. వెనకవాళ్ళు హారన్ కొడితే, "వెళ్ళు నాయనా, వెళ్ళు, నిన్నెవడు ఆపాడు" అని తెలుగులో అనుమతి ఇచ్చేది. రేడియోలో ఎవరో పాడుతున్నారు. మేం వినడం లేదు. ఉన్నట్టుండి ఆవిడ కారు రోడ్డు పక్కకు లాగి, బ్రేక్ తొక్కింది. ఏ జింకనో గుద్దేశాం అనుకుని నేను కెవ్వుమన్నాను.

"ఉష్! అమ్మడూ, గోటువాద్యం!"

"ఏంటండీ?"

"రేడియోలో మనవాళ్ళెవరో గోటువాద్యం వాయిస్తున్నారే!"

నాకు సంగీతం మీద పట్టు లేదని ముందే చెప్పేస్తున్నాను. గోటువాద్యం అంటే ఏమిటో కూడా ఆ రోజే తెలిసింది. వీణలాగే ఉంటుందట, మెట్లు మాత్రం ఉండవు. ఎడమచేత్తో నున్నటి నల్లకర్ర ముక్కను తీగల మీద జారుస్తూ వాయించాలి. స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మెట్టు దిగినట్టు కాక జారి వెళ్తుంది. బొబ్బిలిలో ఆవిడ నాన్నగారు అదే వాయించేవారు. ఈవిడకు చిన్నప్పటి నుంచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పారు.

పాట అయిపోగానే పక్కనే ఉన్న పెట్రోలు బంకులో కారు పెట్టి, పబ్లిక్ ఫోను నుంచి రేడియో స్టేషన్‌కే ఫోను చేసింది. "ఇప్పుడు వాయించిన విద్వాంసుడు ఇండియాలో ఏ ఊరు?" అని అడిగింది. అవతలివాడు "ఏ ఊరేంటి?" అన్నాడు కాబోలు, ఈవిడ ఇంకా గట్టిగా, ఇంకా వివరంగా అడిగింది. రాగం పేరు చెప్పి మరీ అడిగింది. బంకు దగ్గర జనం ఆగి చూస్తున్నారు. చివరికి అవతలివాడు పాడినాయన పేరు చెప్పి పెట్టేశాడు. ఆ పేరుకీ ఇండియాకీ ఏ సంబంధమూ లేదు. హ్యాట్ పెట్టుకుని, గిటారు పట్టుకుని, పాత పాటలు పాడే కంట్రీ గాయకుడు. ఆ కొండల్లో ఆయన పేరు తెలియని మనిషి లేడు.

"ఇంక ఈ దేశంలో ఫోనుకీ నాకూ పడదు" అని తేల్చేసింది ఆవిడ. ఆ తరవాత డెంటిస్టు దగ్గర్నుంచి మెకానిక్ దాకా ఎవరు అడిగినా నా నెంబరే ఇచ్చేది. ఆవిడ పంటి సంగతులు, కారు సంగతులు అన్నీ ముందు నాకే తెలిసేవి.

అలా మొదలైంది రికార్డుల పిచ్చి. అది గోటువాద్యం కాదనీ, స్టీల్ గిటార్ అనీ, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని తీగల మీద ఇనపకడ్డీ జారుస్తారనీ తెలుసుకుంది. తెలిసి డీలా పడుతుందేమో అనుకున్నాను. అబ్బే! "కర్ర బదులు ఇనుము. అంతేగా! మనకు చుట్టమే" అంది. శనివారం ఉదయాలు గరాజ్ సేల్స్ చుట్టూ తిరిగేవాళ్ళం. అమెరికావాళ్ళు ఇంట్లో అక్కర్లేనివన్నీ వాకిట్లో పెట్టి అమ్ముకుంటారు కదా, ఆ సామాన్ల మధ్య ఈవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గడ్డిలో గొంతుక్కూర్చుని రికార్డుల డబ్బాలు వెతికేది. ఆ గాయకుడి మొహం కనిపిస్తే చాలు, చంకలో పెట్టేసుకునేది. "మీకాయనంటే అంత ఇష్టమా?" అని అమ్మేవాళ్ళు మురిసిపోయేవారు. ఆవిడ మొహమాటం లేకుండా "నో" అనేది.

నిజంగానే ఆయన పాటంటే ఆవిడకు లక్ష్యం లేదు. ఆయన పాడుతున్నంతసేపూ నాతో లోకాభిరామాయణం చెప్పేది. ప్లాంటులో ఎవరికి ప్రమోషన్ వచ్చింది, పక్కింటావిడ కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టింది, గోంగూర గింజలు ఈ మట్టిలో ఎందుకు మొలవలేదు. స్టీల్ గిటార్ రాగానే మాట మధ్యలో తుంచేసి చూపుడువేలు పైకెత్తేది. కళ్ళు గది మూల పైకప్పు మీద ఉండేవి. అది అయిపోయి ఆయన మళ్ళీ పాట ఎత్తుకోగానే వేలు దించి, ఆపిన మాట దగ్గరే అందుకునేది. ఊరి కబుర్లన్నీ నేను ఆవిడ దగ్గర ముక్కలు ముక్కలుగానే విన్నాను. ఒకసారి పక్క ఊళ్ళో ఎవరో విడాకులు తీసుకున్నారన్న వార్త, ఎవరో తెలియకుండానే స్టీల్ గిటార్ అయ్యేదాకా కూర్చోవలసి వచ్చింది.

తరవాత్తరవాతి రికార్డుల్లో కాలితో తొక్కే పెడల్స్ ఉన్న స్టీల్ గిటార్ వచ్చింది. అది ఆవిడకు గిట్టేది కాదు. "కాలితో తొక్కితే పలికేది స్వరమా? కుట్టుమిషనా?" అనేది. ఆవిడకు కావలసింది ఆయన మొదట్లో పాడిన పాటలు. అందులోనూ ఒకే ఒక్క పాట.

ఆ పాటలో ఒక మనిషి టోపీ ఒళ్ళో పెట్టుకుని రైలు స్టేషన్‌లో కూర్చుని ఉంటాడు. ఎవరో వస్తారని చూస్తుంటాడు. రైలు రాదు. పాట అంతే. రెండో చరణం అయ్యాక స్టీల్ గిటార్ ఒక్కటే మొదలై మెల్లగా పైకి జారుతూ వెళ్తుంది. వెళ్తుంది, వెళ్తుంది, ఇక పై షడ్జమం, అదే పై సా, అందుకుంటుందనగా ఒక్క వెంట్రుకవాసి కింద ఆగిపోతుంది. అక్కడే ఆగి, అలాగే సన్నగిల్లిపోతుంది. నాలాంటి దద్దమ్మ కూడా ఆ చోట కాఫీ కప్పు నోటిదాకా తెచ్చి ఆపేసేది.

"చేరేవాడే" అనేది అక్కయ్యగారు, వేలు ఇంకా గాల్లోనే ఉంచి. "చేరలేదు."

ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ అప్పుడే కొత్తగా విన్నట్టు.

ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలని ఆవిడకు పట్టుకుంది. రికార్డు అట్ట మీద గాయకుడి ఫోటో ఉంది, ఆయన హ్యాట్ ఉంది, ఆయన గుర్రం కూడా ఉంది. వాయించినవాడి పేరు లేదు. అట్టను వెలుతురుకు పెట్టి వెనక్కీ ముందుకీ తిప్పి చూసేది. "గుర్రానికున్న పాటి భాగ్యం లేదు పాపం" అనేది.

"తెలిస్తే ఏం చేస్తారండీ?" అని అడిగాను.

"అక్కడ ఎందుకాగావయ్యా అని అడుగుతాను. అంతే."

ఆవిడ నాన్నగారు కూడా ఒకచోట అలాగే ఆగేవారట. ఆలాపన ఎంతో పైకి తీసుకెళ్ళి, అంచు దగ్గర నిలిపి, వెనక్కి వచ్చేసేవారట. పదేళ్ళ పిల్లప్పుడు ఈవిడ అడిగింది, నాన్నా, అక్కడిదాకా వెళ్ళి ఎందుకు ఆగిపోయావని. "నీకు ఆ చోటిదాకా వాయించడం వచ్చాక చెప్తాలే" అన్నారట ఆయన. ఈవిడకు ఆ చోటిదాకా వాయించడం వచ్చేలోగా ఆయన వెళ్ళిపోయారు.

"నాన్న చెప్పలేదు. ఈయనన్నా చెప్తాడు" అంది. అలా అన్నప్పుడు ఆవిడ మొహం చూడలేక నేను కాఫీ కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయాను.

బావగారికి ఇదంతా వేళాకోళం. "ఏమోయ్, ఆ రికార్డు అక్కడ అరిగిపోయిందోయ్. అంతకుమించి ఏమీ లేదు" అనేవారు పేపరు వెనకనుంచి. నేనూ ఒకరోజు ఊరుకోక, "చేతకాక ఆగిపోయుంటాడేమో అక్కయ్యగారూ" అన్నాను. ఆవిడ రికార్డు తీసి, అట్టలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. వారమంతా ఫోను లేదు. ఆ తరవాత ఫోను చేసి, "గుత్తొంకాయ చేశాను, రా. కానీ ఆ మాట వెనక్కి తీసుకుని రా" అంది. వెళ్ళాను. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. వంకాయలు తిన్నాను. ఆవిడ మారు వడ్డిస్తూ, "చేతకానివాడు అంత దూరం వెళ్ళడే పిచ్చిదానా, కిందే ఆగిపోతాడు" అంది.

మరి మీరే ఎందుకు వాయించరు అని అడగచ్చు. నేనూ అడిగాను. ఆవిడ వాద్యం ఓడ మీద అమెరికా దాకా క్షేమంగానే వచ్చిందట. మొదటి చలికాలంలో హీటర్ వేడికి పనసచెక్క ఎండిపోయి కింది గుండ్రటి కుండ దగ్గర నిలువునా పగిలింది. గిటార్లు బాగుచేసే అతనికిస్తే జిగురు పెట్టి అతికించాడు. చూపులకు బాగానే ఉంది గానీ మీటితే రేకుడబ్బా శబ్దం. దాన్ని బావగారి సూట్ల వెనక, క్లాజెట్‌లో నిలబెట్టేశారు. నల్లకర్ర ముక్క మాత్రం వంటింటి సొరుగులో, అప్పడాల కర్ర పక్కన ఉండేది. పప్పు ఉడికేలోగా దాన్ని తీసి కిచెన్ కౌంటర్ అంచు వెంట జారుస్తూ ఉండేది. తీగలు లేవు, చప్పుడు లేదు. ఆవిడకు మాత్రం ఏదో వినపడేది. ఒక్కోసారి తల అడ్డంగా ఊపి, "ఊఁహూఁ, బాగా రాలేదు, మళ్ళీ" అని తనలో తనే అనుకుని, కర్రను మొదటికి తెచ్చేది.

ఎనభైల మధ్యలో అనుకుంటాను, ఆ గాయకుడు మా కౌంటీ ఫెయిర్‌కు వస్తున్నాడని ఊరంతా కాగితాలు అంటించారు. కౌంటీ ఫెయిరంటే మన తిరనాళ్ళే. రంగులరాట్నాలు, కోళ్ళ పోటీలు, పందుల పోటీలు. మా ఆయన, బావగారు మేం రామన్నారు. "మీరెందుకు, మేమే వెళ్తాం" అంది ఆవిడ. చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంది, కింద టెన్నిస్ బూట్లు. హ్యాండ్‌బ్యాగ్‌లో నల్లకర్ర పెట్టుకుంది. అదెందుకండీ అంటే, "ఆయన కనిపిస్తే చూపించద్దూ" అంది.

గడ్డిమోపుల మీద కూర్చున్నాం. సాయంత్రం ఎండ ఇంకా కళ్ళల్లో పడుతోంది. స్టేజీ మీద గాయకుడున్నాడు, ముసలివాడైపోయాడు. డ్రమ్ములున్నాయి, రెండు గిటార్లున్నాయి, కీబోర్డు ముందు ఒక పిల్లాడున్నాడు. స్టీల్ గిటార్ లేదు. ఆవిడ మెడ సాచి స్టేజీ ఈ మూలనుంచి ఆ మూలదాకా వెతికింది. కర్టెన్ వెనక కూడా ఉంటాడేమో అన్నట్టు చూసింది. ఆ రైలు స్టేషన్ పాట రానే వచ్చింది. రెండో చరణం అయింది. కీబోర్డు పిల్లాడు రెండు మీటలు టకటకా నొక్కి పై స్వరం మీదికి ఒక్క గెంతు గెంతాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

పాటలయ్యాక గాయకుడు ఒక టేబుల్ దగ్గర కూర్చుని ఫోటోల మీద సంతకాలు చేస్తున్నాడు. ఆవిడ వెళ్ళి లైన్లో నిలబడింది. మాకు ముందూ వెనకా కౌబాయ్ హ్యాట్లు, జీన్స్ ప్యాంట్లు. మధ్యలో చిలకపచ్చ పట్టుచీర. మా వంతు వచ్చింది. ఆయనది కొండ యాస ఇంగ్లీషు, ఈవిడది బొబ్బిలి యాస ఇంగ్లీషు. నేను దుబాసీని.

"ఎక్కడినుంచి వచ్చారమ్మా?" అన్నాడాయన, చీర చూసి.

"ఇండియా."

"నా పాట కోసం అంత దూరమా!" అని నవ్వాడు.

"పాట కోసం కాదు" అంది అక్కయ్యగారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆవిడ ఆగలేదు. "ఆ రైలు స్టేషన్ పాట. పాత రికార్డు. అందులో స్టీల్ గిటార్ ఎవరు?"

ఆయన సంతకం చేస్తున్న కలం పక్కన పెట్టాడు. అలాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "ఆ కుర్రాడా!" అన్నాడు. "పొడుగ్గా ఉండేవాడు. పగలంతా ఎక్కడో పనిచేసి రికార్డింగ్‌కి వచ్చేవాడు. నా దగ్గర ఆ కాసిని పాటలకే వాయించాడు. తరవాత ఎటు వెళ్ళాడో... పేరు..." హ్యాట్ తీసేశాడు. నుదురు రుద్దుకున్నాడు. "నోటి చివరే ఉందమ్మా. ఒక్క నిమిషం."

వెనక లైన్లో గొణుగుడు మొదలైంది. ఆయన పట్టించుకోలేదు. గుర్తు తెచ్చుకోవడానికి కాబోలు ఆ స్టీల్ గిటార్ ముక్క కూనిరాగం తీశాడు. మెల్లగా పైకి వెళ్ళాడు. వెళ్ళి, పై స్వరం అందుకుని హాయిగా నిలబడ్డాడు.

"నో, నో" అంది ఈవిడ. బ్యాగ్ లోంచి కర్ర తీసి, ఆయన ఫోటోలు పక్కకు జరిపి, టేబుల్ అంచు వెంట జారుస్తూ తను పాడి చూపించింది. ఆ అంచు దగ్గర కర్ర ఆపేసింది. "ఇక్కడ. ఇక్కడ ఆగాడు. పైకి వెళ్ళలేదు. ఎందుకు?"

ఆయన ఆ కర్రకేసి చూశాడు, ఆవిడ మొహంకేసి చూశాడు. "ఇన్నేళ్ళు పాడాను. అతను ఆగినట్టు నా బుర్రకి ఎక్కనేలేదమ్మా" అన్నాడు. "నాకు పైకి వెళ్ళినట్టే గుర్తు."

పేరు గుర్తుకు రాలేదు. ఆయన నిజంగా బాధపడ్డాడు. ఒక ఫోటో మీద సంతకం చేసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ నమస్కారం పెట్టి, ఫోటో టేబుల్ మీదే మరిచిపోయి వచ్చేసింది.

ఇంటికి వచ్చేటప్పుడు నేనే డ్రైవ్ చేశాను. ఆవిడ కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా అలాగే కిటికీలోకి చూస్తోంది. పేరు తెలియని మనిషి దొరకలేదని ఏడ్చేవాళ్ళను ఎలా ఓదారుస్తారు? ఊరి పొలిమేర దగ్గర ముక్కు చీదుకుని, "మంచివాడేనే పాపం. హ్యాట్ తీశాడు చూశావా" అంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "ఆయన కూడా పైకి వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళిపోతారు. ఆ ఒక్కడే ఆగాడు" అంది.

నిరుడు చలికాలంలో ఆవిడకు జబ్బు బయటపడింది. మొదటి కీమో అయ్యాక వెనక్కి వస్తూ, రికార్డుల షాపు దగ్గర ఆపమంది. ఆ గాయకుడు మొదటి రోజు నుంచి చివరి రోజుదాకా పాడినవన్నీ కలిపి పెద్ద పెట్టెగా తెస్తున్నారని షాపు గోడకు కాగితం ఉంది. రికార్డింగ్‌లో బాగా రాలేదని పక్కన పడేసినవి కూడా అందులో ఉంటాయట. ఆవిడ అక్కడికక్కడే ఆర్డరిచ్చింది. ఫోను నెంబరు నాది రాయించింది.

"పారేసినవి కూడా ఎందుకండీ?" అన్నాను.

"ఏం పారేశాడో వింటే ఏం ఉంచుకున్నాడో తెలుస్తుంది" అంది.

తలమీద జుట్టు పోయింది, స్కార్ఫ్ కట్టుకుంది. ఆసుపత్రిలో మంచం పక్క ఇనుప కడ్డీ మీద ఆ నల్లకర్రను అటూ ఇటూ జారుస్తూ ఉండేది. నర్సులు అదేదో పూజ అనుకుని పక్కకు తప్పుకునేవారు. నేను గుమ్మంలో కనిపించగానే మొదటి మాట అదే, "వచ్చిందా అమ్మడూ?" లేదండీ, వచ్చే వారం అన్నారండీ అనేదాన్ని. షాపువాళ్ళు నిజంగానే ప్రతిసారీ వచ్చే వారం అన్నారు. చివరి రోజుల్లో మాట సన్నబడిపోయింది. కనుబొమలు ఎత్తి అడిగేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఈ జన్మలో నేను అంతగా అసహ్యించుకున్న పని ఇంకోటి లేదు.

పెట్టె తెచ్చుకుని నేరుగా బావగారింటికి వెళ్ళాను. ఆయన ఒక్కరే ఉంటున్నారు. రిటైరయ్యారు. గుమ్మం దగ్గర ఆవిడ హవాయి చెప్పులు అలాగే ఉన్నాయి. పెట్టె తీసుకుని, కవరు విప్పి, రికార్డులన్నీ తీసి, పాటల వరసలో ఆ రైలు స్టేషన్ పాట రెండుసార్లు ఉన్న రికార్డు పట్టుకున్నారు. ఒకటి మనకు తెలిసినదే. రెండోది పారేసినది. రికార్డు పెట్టి, నాకు కుర్చీ చూపించి, తను నిలబడే ఉన్నారు.

రెండోదే ముందు పెట్టారు. కుర్చీల చప్పుడు, ఎవరిదో దగ్గు. పాట మొదలైంది. గాయకుడి గొంతు ఎంత పడుచుగా ఉందో! మొదటి చరణం, రెండో చరణం. స్టీల్ గిటార్ మొదలైంది. నా చూపుడువేలు దానంతటదే పైకి లేచింది. స్వరం పైకి జారింది, ఇంకా పైకి, ఆ అంచు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. దాటి పై షడ్జమం మీదికి వెళ్ళి నిండుగా నిలబడింది. చేరాడు! ఆ ముసలాయన ఫెయిర్లో కూనిరాగం తీసింది ఇదేనన్నమాట. ఆయనకు గుర్తున్నది తప్పు కాదు.

అంతలో వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దూరంగా, మైకుకు ఎక్కడో వెనక నుంచి, ఒక కుర్రాడి గొంతు వినపడింది. అది వాయించినవాడి గొంతు. "ఆగండి. ఇది బాగా రాలేదు. మళ్ళీ వాయిస్తాను."

"బాగానే ఉందిగా" అన్నాడు గాయకుడు. అంటూ అతన్ని పేరు పెట్టి పిలిచాడు.

"లేదు" అన్నాడతను. "నేను పైదాకా వెళ్ళిపోయాను. వెళ్ళిపోతే ఆ మనిషికి రైలు వచ్చేసినట్టే కదా. అతను ఇంకా చూస్తూనే ఉండాలి. మళ్ళీ."

అంతే. అక్కడితో ఆ ముక్క అయిపోయింది. నేను మొహం చీరకొంగులో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అరిగిపోలేదు, చేతకాకా కాదు. ఆవిడ చెప్పినట్టే, కావాలనే ఆగాడు. చేరి చూసి, వెనక్కి వచ్చి, మళ్ళీ వాయించి మరీ ఆగాడు.

బావగారు వంగి ముల్లు వెనక్కి పెట్టారు. పేరు మళ్ళీ విన్నాం. ఈసారి ఇద్దరికీ స్పష్టంగా వినపడింది. చాలా మామూలు పేరు. ఆ కొండల్లో వీధికొకరికి ఉంటుంది. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. అలవాటుకొద్దీ వంటింటి వైపు తిరిగి, గట్టిగా, "ఏమోయ్! దొరికాడోయ్, నీ..." అన్నారు.

అటే చూస్తూ నిలబడిపోయారు. వంటింట్లో ఫ్రిజ్ మోత తప్ప ఏమీ లేదు. నేను లేచి వెళ్ళి, సొరుగు తీసి, ఆసుపత్రి నుంచి తెచ్చి మళ్ళీ అప్పడాల కర్ర పక్కనే పెట్టిన ఆ నల్లకర్రను తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పిడికిట్లో పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

ఇది చదివినవాళ్ళు ఆ పేరేమిటని అడుగుతారని నాకు తెలుసు. మా ఆయన కూడా అడిగాడు. చెప్పలేదు. ఆవిడ ఇన్నేళ్ళు వెతికిన పేరు అది. ఆవిడకు చెప్పకుండా ముందు ఇంకొకరికి చెప్పడానికి నాకు మనసొప్పదు.